స్కూల్ స్ట్రీట్ అంటే ఏమిటి? బ్రిటన్‌లోని తెలుగు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

సెప్టెంబర్‌లో బడులు తెరిచిన రెండు మూడు వారాలకల్లా మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకే రకం ఫొటోలు తిరగడం మొదలవుతుంది. పైన కారు, అందులో స్పష్టంగా నంబర్ ప్లేటు, కింద కౌన్సిల్ (ఇక్కడి స్థానిక ప్రభుత్వం) పంపిన జరిమానా నోటీసు. "పోయిన టర్మ్ దాకా రోజూ వెళ్లిన వీధే కదండీ, ఇప్పుడేమొచ్చింది?" అని ఒకరు అడుగుతారు. "కట్టకండి, ఏం కాదు" అని ఒకరు, "ఆలస్యమైతే రెండింతలవుతుంది, కట్టేయండి" అని ఇంకొకరు. అక్కడ పదేపదే వచ్చే ప్రశ్నలకు ఒకచోట జవాబులు ఉంటే బాగుంటుందని ఈ పేజీ రాశాను. ఎక్కువగా లండన్ గురించే ఉంటుంది. మిగతా ఊళ్లలో పద్ధతి వేరైతే అక్కడికక్కడే చెప్పాను. నేను స్కూల్ స్ట్రీట్‌కి అనుకూలం. ఆ సంగతి మనసులో పెట్టుకునే చదవండి.

అసలు స్కూల్ స్ట్రీట్ అంటే ఏమిటి?

బడి గేటు ఉన్న వీధిలోకి, పిల్లలు వచ్చే వేళా ఇళ్లకు వెళ్లే వేళా మోటారు బళ్లు రాకుండా ఆపడం. పొద్దున ఓ ముప్పావుగంట, మధ్యాహ్నం మరో ముప్పావుగంట, గంట. మిగతా రోజంతా అది మామూలు వీధే. నడిచేవాళ్లు, సైకిళ్లు, కాలితో తోసే స్కూటర్ల మీద వచ్చే పిల్లలు ఎప్పుడైనా వెళ్లొచ్చు.

వైజాగ్ వాళ్లకైతే ఒక్క ముక్కలో చెప్పొచ్చు. ఆర్కే బీచ్ రోడ్డులో తెల్లవారుజామున వాకర్ల కోసం బళ్లు ఆపేస్తారు కదా, అదే పద్ధతి ఇక్కడ బడి ముందు పెట్టారు.

కొన్ని ఊళ్లలో రోడ్డుకి అడ్డంగా బారికేడ్ పెట్టి, పక్కన మెరిసే జాకెట్ వేసుకున్న టీచరో వాలంటీరో నిలబడతారు. లండన్‌లో చాలాచోట్ల మనిషంటూ ఎవరూ ఉండరు. స్తంభం మీద కెమెరా ఉంటుంది, అది నంబర్ ప్లేటు చదువుకుంటుంది.

ఇది లండన్ వాళ్ల ఆలోచనేనా?

కాదు. ఇటలీ ఉత్తరాన బోల్జానో అనే ఊళ్లో 1989లో మొదలైంది. బడి మొదలయ్యేటప్పుడు, వదిలేటప్పుడు ఓ పావుగంట వీధికి అడ్డు పెట్టేవాళ్లు, అంతే. తర్వాత బెల్జియంలో గెంట్ నగరం 2012లో అందుకుంది. ఎడిన్‌బరో 2015లో ప్రయోగాత్మకంగా పెట్టింది. లండన్‌లో కామ్డెన్, హాక్నీ కౌన్సిళ్లు 2017లో మొదలుపెట్టాయి. 2020లో కోవిడ్ తర్వాత బడులు తెరిచేటప్పుడు పిల్లల మధ్య ఎడం ఉండాలంటే ఇరుకు ఫుట్‌పాత్‌లు సరిపోలేదు. దాంతో ఒక్కసారిగా పెరిగాయి. ఇప్పుడు లండన్ మొత్తం మీద 500కి పైనే ఉన్నాయి.

పారిస్ కూడా గట్టిగానే పట్టుకుంది. 2025 మార్చి 23న మరో 500 వీధుల్ని నడిచేవాళ్లకి వదలాలా అని ఊరి జనాన్నే అడిగితే దాదాపు 66 శాతం ఔనన్నారు. ఓటేసింది మాత్రం 4 శాతం మందే. దీన్ని ఎవరికి నచ్చినట్టు వాళ్లు చెప్పుకుంటున్నారు.

బోర్డు ఎలా ఉంటుంది? నాకైతే ఏదీ కనపడలేదు.

వీధి మొదట్లో, సాధారణంగా రెండు పక్కలా స్తంభాలకి ఉంటుంది. ఎర్రటి గుండ్రని గీత, దాని లోపల కారు, ఆ కారు మీద నుంచి ఎగురుతున్నట్టు మోటార్‌సైకిల్ బొమ్మ. సర్కస్ బొమ్మలా ఉంటుంది కాబట్టి ఒకసారి చూస్తే మర్చిపోరు. మోటారు బళ్లేవీ రాకూడదని దాని అర్థం. దాంతోపాటు నడిచేవాళ్లకీ సైకిళ్లకీ కేటాయించిన ప్రాంతమని, ఏ రోజులు, ఏ గంటల్లో అని రాసి ఉంటుంది. కొన్నిచోట్ల ఆ బోర్డు మడతపెట్టేలా ఉంటుంది, వేళకి తెరుస్తారు.

చిక్కల్లా ఎక్కడొస్తుందంటే, అది మలుపులోనే ఉంటుంది. మెయిన్ రోడ్డు నుంచి ఎడమకి తిరుగుతూ, వెనక బస్సు వాడు తొందరపెడుతుంటే, అక్కడ చిన్న అక్షరాల్లో ఉన్న గంటలు చదివి, టైమ్ చూసుకుని, ఆగాలా వెళ్లాలా తేల్చుకోవాలి. అందుకే కొత్త బడికి వెళ్లే ముందు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఆ వీధి పేరు వెతకడం మేలు. మ్యాప్‌లో చూపించే దారిని నమ్ముకోవద్దు. "గూగుల్ మ్యాప్స్ అటే తీసుకెళ్లింది" అంటే జరిమానా రద్దు చెయ్యరు.

ఏ వేళల్లో ఉంటుంది? సెలవుల్లో కూడానా?

ఒక్కో బడికి ఒక్కో టైమ్. పొద్దున ఎనిమిదింబావుకో ఎనిమిదిన్నరకో మొదలై తొమ్మిదింబావు దాకా, మధ్యాహ్నం రెండుముప్పావు నుంచి మూడుముప్పావు, నాలుగు దాకా ఉండటం మామూలు. టర్మ్ నడిచే రోజుల్లోనే ఉంటుంది. శని ఆదివారాలు, టర్మ్ మధ్యలో వచ్చే వారం సెలవులు, ఈస్టర్, వేసవి సెలవుల్లో ఉండదు. టీచర్ల ట్రైనింగ్ కోసం బడి మూసే రోజు సంగతి మాత్రం ఊహించుకోవద్దు. బోర్డు మీద ఏం రాసి ఉంటే అదే లెక్క.

ఎవరెవరికి మినహాయింపు?

అంబులెన్స్, ఫైరింజన్, పోలీసు బళ్లకి ఎలాగూ ఉంటుంది. ఆ వీధిలోనే కాపురం ఉండేవాళ్లకి, వికలాంగుల బ్లూ బ్యాడ్జ్ ఉన్నవాళ్లకి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని తెచ్చే కౌన్సిల్ బళ్లకి చాలా బరోలు (లండన్‌లో ఒక్కో కౌన్సిల్ కింద ఉండే ప్రాంతాన్ని బరో అంటారు) ఇస్తాయి. కానీ చాలాచోట్ల అది దానంతటదే రాదు, కారు నంబరు ముందుగా నమోదు చేసుకోవాలి. కొత్తగా అద్దెకి దిగినవాళ్లు ఇక్కడే దొరికిపోతుంటారు. ఇల్లు ఆ వీధిలోనే, పార్కింగ్ పర్మిట్ కూడా ఉంది, అయినా నోటీసు. పార్కింగ్ పర్మిట్, స్కూల్ స్ట్రీట్ మినహాయింపు చాలా కౌన్సిళ్లలో రెండు వేర్వేరు దరఖాస్తులు. కారు మార్చినా మళ్లీ చెప్పాలి.

బడిలో పిల్లలున్న తల్లిదండ్రులకి మాత్రం మినహాయింపు లేదు. అదే కదా అసలు విషయం.

ఆ గంటలు మొదలవకముందే లోపల పార్క్ చేస్తే?

చాలా బరోల్లో లోపలికి రావడమే తప్పు, లోపల ఉన్న కారు బయటికి వెళ్లొచ్చు. అయితే అన్ని చోట్లా ఇదే రూలని అనుకోకండి, మీ బరో పేజీలో చూసుకోండి. ఎనిమిదింటికే వచ్చి కారు పెట్టుకుని, పిల్లాడికి కార్లోనే ఇడ్లీ పెట్టి గేటు తెరిచేదాకా కూర్చునే తండ్రులు నాకు తెలుసు. రూలు ప్రకారం తప్పేమీ కాదు. కానీ ఎనిమిదిన్నరకి వీధి నిండా పిల్లలున్నప్పుడు వాళ్లు రివర్స్ తీస్తుంటే మిగతా తల్లిదండ్రులకి గుండె ఆగినంత పనవుతుంది.

ఊబర్, ఫుడ్ డెలివరీ, అమెజాన్ వాళ్ల సంగతి?

మామూలుగా వాళ్లకి మినహాయింపు ఉండదు. ఆ గంటలో క్యాబ్ బుక్ చేసుకుంటే పిక్ అప్ పాయింట్ పక్క వీధిలో పెట్టండి. పాపం డ్రైవర్‌కి మీరు చెప్పకపోతే తెలియదు, జరిమానా ఆయన నెత్తిన పడుతుంది.

నోటీసు వచ్చేసింది. కట్టాలా, అప్పీల్ చెయ్యాలా?

ముందు అంకెలు చూద్దాం. లండన్‌లో 2025 ఏప్రిల్ నుంచి పూర్తి జరిమానా 160 పౌండ్లు. 14 రోజుల్లోపు కడితే సగం, అంటే 80. ఇంగ్లండ్‌లో లండన్ బయట 70 పౌండ్లు, 21 రోజుల్లోపు అయితే 35. ఇది సివిల్ జరిమానా కాబట్టి లైసెన్స్ మీద పాయింట్లు పడవు. ఇండియా లైసెన్స్ మీద నడుపుతున్న కొత్తవాళ్లు ఆ విషయంలో టెన్షన్ పడక్కర్లేదు. నోటీసు కారు ఎవరి పేరున ఉంటే వాళ్లకి వస్తుంది, నడిపింది ఎవరైనా సరే. అద్దె కారైతే కంపెనీ వాళ్లు తమ ఫీజు కూడా కలిపి వసూలు చేస్తారు.

నోటీసులో ఇచ్చిన లింకు తెరిచి వీడియో తప్పకుండా చూడండి. అందులో బోర్డు కనిపిస్తోందా, టైమ్ ఎంత, నంబరు మీదేనా అని చూడాలి. చెట్టు కొమ్మ బోర్డుని కప్పేసినా, బోర్డు పక్కకి తిరిగిపోయినా, అంబులెన్స్‌కి దారి ఇవ్వడానికే లోపలికి వెళ్లినా, మినహాయింపు ఉండి కూడా నోటీసు వచ్చినా రాయడానికి గట్టి కారణం ఉన్నట్టే. అదే రోజు వెళ్లి ఫొటోలు తీసుకోండి, ఎందుకంటే వారం తర్వాత కొమ్మ ఉండదు. ముందు కౌన్సిల్‌కి 28 రోజుల్లోపు అభ్యంతరం రాయాలి. వాళ్లు కాదంటే లండన్‌లో లండన్ ట్రిబ్యునల్స్‌కి, బయట ట్రాఫిక్ పెనాల్టీ ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. దానికి ఫీజు లేదు. "నాకు తెలియదు", "ఒక్క నిమిషమే ఆగాను", "వాన పడుతోంది" అనేవి నిలబడవు.

ఇంగ్లండ్‌లో లండన్ బయట ఒక వెసులుబాటు ఉంది. కెమెరా కొత్తగా పెట్టిన చోట మొదటి ఆరు నెలలూ, మొదటిసారి తప్పు చేసినవాళ్లకి జరిమానా బదులు హెచ్చరిక ఉత్తరం పంపాలని ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ ఉత్తరం వస్తే చింపి పారేయకండి, రెండోసారికి మాఫీ ఉండదు. అక్కడి కౌన్సిళ్లు 2022 మే 31 నుంచే ఇలాంటి కెమెరా అధికారాలకి దరఖాస్తు చేసుకోగలుగుతున్నాయి. అందుకే చాలా ఊళ్లలో ఇదింకా కొత్త. స్కాట్లాండ్‌లో అయితే కెమెరాలు లేవు, అక్కడ ఆపేది పోలీసులే.

నోటీసు పక్కన పడేస్తే మాత్రం మొత్తం పెరుగుతుంది, చివరికి వసూలు చేసేవాళ్లు ఇంటికొస్తారు. మాకు తెలిసినవాళ్లు ఒకాయన పొద్దునా మధ్యాహ్నమూ అదే వీధిలోంచి వారమంతా వెళ్లారు. మొదటి నోటీసు పోస్టులో వచ్చేసరికి వెనకాల క్యూలో ఇంకా ఉన్నాయి. ఇలాంటప్పుడు అన్నీ కలిపి ఒకే ఉత్తరంలో వివరించి అడగొచ్చు, కొన్ని కౌన్సిళ్లు కనికరిస్తాయి. కనికరించాలని రూలేం లేదు.

ఇదంతా డబ్బుల కోసమే కదా?

కెమెరా పెట్టిన మొదటి నెలల్లో డబ్బు బాగానే వస్తుంది, కాదనను. వచ్చిన మిగులుని చట్టం చెప్పిన పనులకే, ముఖ్యంగా రవాణాకే వాడాలి. అయినా ఒక వీధిలో రెండేళ్ల తర్వాత కూడా మొదటి నెలలోలాగే నోటీసులు వెళ్తుంటే, అక్కడ జనం తప్పు కన్నా బోర్డు తప్పే ఎక్కువని నేననుకుంటాను. అది కౌన్సిలర్‌ని నిలదీయాల్సిన విషయం.

నాకు తొమ్మిదికి మీటింగ్. నడిపించుకుంటూ తీసుకెళ్లే టైమ్ ఎక్కడుంది?

ఎక్కువమంది అడిగేది ఇదే, న్యాయమైన ప్రశ్న కూడా. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిది దాకా ఎలా ఉంటుందో నాకు చెప్పక్కర్లేదు. ఒకరు రిసెప్షన్‌లో, అంటే బడిలో మొట్టమొదటి క్లాసులో, ఒకరు నాలుగో క్లాసులో, బూటు ఒకటే దొరుకుతుంది, ఇండియా నుంచి అమ్మ వీడియో కాల్ అప్పుడే వస్తుంది.

కారు మానేయమని ఎవరూ అనడం లేదు. గేటు దాకా తేవొద్దంటున్నారు. బడికి ఐదు నిమిషాల నడక దూరంలో ఆపుకోండి. చాలా బడులు దగ్గర్లోని సూపర్‌మార్కెట్‌తోనో, చర్చితోనో, పబ్‌తోనో మాట్లాడి పొద్దుటిపూట వాళ్ల కార్ పార్క్ వాడుకునే ఏర్పాటు చేసుకుంటాయి. బడి ఆఫీసులో అడిగితే చెప్తారు. గేటు ముందు చోటు కోసం రెండు రౌండ్లు కొట్టి, ఎవరి డ్రైవ్‌వేకో అడ్డంగా పెట్టి, వాళ్లతో మాట పడే టైమ్‌లో ఆ ఐదు నిమిషాలు నడిచేయొచ్చు.

రెండోది, వంతులు. ఒకే రోడ్డులో ఉండే నాలుగు కుటుంబాలు కలిస్తే రోజుకొకరు పిల్లలందర్నీ నడిపించుకెళ్లొచ్చు. ఇక్కడి బడులు దీన్ని వాకింగ్ బస్ అంటాయి. మన ఊళ్లలో వీధి పిల్లలంతా గుంపుగా బడికి వెళ్లేవాళ్లు, అదే కదా ఇది, పెద్దవాళ్లు ఒకరు తోడుంటారంతే. మూడోది బ్రేక్‌ఫాస్ట్ క్లబ్, అంటే బడి మొదలవకముందే పిల్లల్ని తీసుకుని టిఫిన్ పెట్టే ఏర్పాటు. ఆ గంటలు మొదలవకముందే దింపేస్తారు కాబట్టి వీధి తెరిచే ఉంటుంది. లండన్ బస్సుల్లో పదకొండేళ్ల లోపు పిల్లలకి చార్జీ లేదన్నది కూడా లెక్కలో వేసుకోండి.

ఇవేవీ కుదరని ఇళ్లు ఉంటాయి. ఇద్దరు పిల్లలు రెండు బడుల్లో, ఒక్కరే పెద్దవాళ్లు, నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన నర్సమ్మలు. అలాంటివాళ్లు బడి హెడ్ టీచర్‌తో నేరుగా మాట్లాడండి. పిల్లాణ్ణి కాస్త ముందు తీసుకోవడం లాంటి సర్దుబాట్లు వాళ్ల చేతుల్లో ఉంటాయి, నోటీసుల్లో రాయరు.

తాతయ్య, అమ్మమ్మ ఇండియా నుంచి వచ్చారు. పికప్ వాళ్లకి అప్పజెప్పొచ్చా?

వాళ్లకి ఇంతకన్నా మంచి వీధి దొరకదు. ఎడాపెడా కార్లు తిరగని రోడ్డు, పరిచయమైన ముఖాలు. బడికి మాత్రం వాళ్ల పేర్లు ముందే ఇవ్వాలి, లేకపోతే పిల్లల్ని పంపరు. ఒక్క హెచ్చరిక. స్కూల్ స్ట్రీట్ అయినా మినహాయింపు ఉన్న కార్లు, చప్పుడు లేకుండా వచ్చే ఎలక్ట్రిక్ కార్లతో సహా, నెమ్మదిగా వస్తూనే ఉంటాయి. బళ్లే రావని చెప్పి పంపకండి. పెద్ద రోడ్డు దాటేచోట లాలీపాప్ లేడీ, అదే చేతిలో గుండ్రటి స్టాప్ పలక పట్టుకునే ఆవిడ ఉంటే, ఆవిడ పలక ఎత్తాకే దాటమని చెప్పండి. ఆవిడ ఆపితే కారు ఆగి తీరాలి, అది చట్టం.

ట్రాఫిక్ అంతా పక్క వీధిలోకి పోతుంది కదా?

కొంత పోతుంది, ముఖ్యంగా మొదటి వారాల్లో. ఎడిన్‌బరో నేపియర్ యూనివర్సిటీ వాళ్లు 2020లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ ముందేసుకుని చూస్తే, చాలాచోట్ల మొత్తం మీద బళ్లు తగ్గాయి, పక్క వీధులకి పెద్ద ఇబ్బందేమీ రాలేదు. ఎందుకంటే కొందరు నిజంగానే నడక మొదలుపెడతారు, మిగిలినవాళ్లు ఒకే గేటు ముందు గుమిగూడకుండా నాలుగైదు వీధుల్లో సర్దుకుంటారు. అయినా పక్క వీధిలో ఇల్లున్న పెద్దాయనకి ఈ లెక్క చెప్పి ఒప్పించలేం. ఆయన గేటు ముందు కారు పెట్టకుండా ఉండటమే జవాబు.

గాలి నిజంగా బాగుపడుతుందా?

లండన్‌లో బ్రెంట్, ఎన్‌ఫీల్డ్, లాంబెత్ బరోల్లో 18 ప్రైమరీ బడుల దగ్గర సెన్సర్లు పెట్టి చూశారు. పొద్దున పిల్లల్ని దింపే వేళలో బళ్ల పొగలో ఉండే నైట్రోజన్ డయాక్సైడ్ అనే చెడ్డ వాయువు 23 శాతం దాకా తగ్గిందని 2021లో చెప్పారు. "దాకా" అన్నది గమనించండి, అన్ని బడుల దగ్గరా అంత తగ్గలేదు. అదీ ఆ ఒక్క గంటకి సంబంధించిన లెక్కే.

ఈ ఊళ్లో గాలి మాట ఊరికే రాదు. ఎల్లా అడూ కిస్సీ డెబ్రా అనే తొమ్మిదేళ్ల పాప లండన్‌లోని లూయిషామ్‌లో, రద్దీగా ఉండే సౌత్ సర్క్యులర్ రోడ్డు దగ్గర పెరిగింది, తీవ్రమైన ఆస్తమాతో 2013లో చనిపోయింది. ఆ మరణానికి గాలి కాలుష్యం కూడా ఒక కారణమని 2020 డిసెంబర్‌లో కరోనర్ (మరణ కారణాన్ని విచారించే అధికారి) తేల్చారు. బ్రిటన్‌లో అలా రాసిన మొదటి తీర్పు అది. తల్లి ఏళ్ల తరబడి పోరాడితే వచ్చింది.

ఇంజిన్ ఆన్‌లో పెట్టి హీటర్ వేసుకుని కూర్చోవచ్చా? బయట చలి!

ఆపేయమని అడిగినా ఆపకపోతే 20 పౌండ్ల జరిమానా ఉంది. బడి గేటు ముందు పసుపుపచ్చ జిగ్‌జాగ్ గీతలుంటాయి కదా, అక్కడ పిల్లల్ని దింపడానికి కూడా ఆగకూడదు. బ్లూ బ్యాడ్జ్ ఉన్నా సరే.

మా బడి మెయిన్ రోడ్డు మీద ఉంది. మాకెందుకు లేదు?

బస్సులు, అంబులెన్సులు తిరిగే పెద్ద రోడ్డుని మూయలేరు. ఈ పథకానికి ఉన్న పెద్ద లోటు ఇదే. అన్నిటికన్నా చెడ్డ గాలి, వేగంగా పోయే బళ్లు ఉన్నది పెద్ద రోడ్ల మీద బడులకే, స్కూల్ స్ట్రీట్ వచ్చేదేమో నెమ్మదైన సందుల్లోని బడులకి. పక్క సందులోకి ఇంకో గేటు తెరవడం, ఫుట్‌పాత్ వెడల్పు చెయ్యడం, మొక్కలతో అడ్డుగోడ, కొత్త జీబ్రా క్రాసింగ్ లాంటివి అడగొచ్చు. నిదానంగా అవుతాయి.

మన హైదరాబాద్, విజయవాడలో ఇది సాధ్యమేనా?

చట్టం అడ్డు రాదు. మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ ప్రకారం జనం భద్రత కోసం ఒక ప్రాంతంలోనో రోడ్డు మీదనో బళ్లని నియంత్రించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికీ, అది అధికారం ఇచ్చినవాళ్లకీ ఉంది. నెల లోపు ప్రయోగమైతే గెజిట్‌లో వేయాల్సిన పని కూడా లేదు. అలవాటు లేనిదీ కాదు. చార్మినార్ చుట్టూ బళ్లు ఆపారు. ట్యాంక్‌బండ్‌ని ఆదివారం సాయంత్రాలు జనానికి వదిలారు.

తేడా ఇంకోచోట ఉంది. బ్రిటన్‌లో ప్రభుత్వ ప్రైమరీ బడుల్లో సీట్లకి పోటీ ఉంటే దగ్గర్లో ఇల్లున్న పిల్లలకి ముందు ఇవ్వడం మామూలు. అందుకే చాలామంది నడిచే దూరంలోనే ఉంటారు. మన దగ్గర ప్రైవేటు బడికి పిల్లలు ఊరి ఆ చివర నుంచి బస్సుల్లో, వ్యాన్లలో, ఆటోల్లో వస్తారు. కూకట్‌పల్లిలోనో బెంజ్ సర్కిల్ దగ్గరో ఉన్న పెద్ద బడి ముందు రోడ్డు మూస్తే ఆ ముప్పై బస్సులు ఎక్కడ నిలబడాలి? అలాంటి బడిని ముందు అడగాల్సింది, బస్సులన్నీ కాంపౌండ్ లోపలే ఆపి పిల్లల్ని ఎక్కించమని. స్థలం లేదంటే బ్యాచ్‌ల టైమ్ పావుగంట తేడాతో మార్చమని.

కాలనీ సందులో ఉండే మండల పరిషత్ బడి, జిల్లా పరిషత్ హైస్కూలు, చిన్న కాన్వెంటు సంగతి వేరు. అక్కడ పిల్లలు నడిచో, నాన్న బండి మీదో వస్తారు. సందు రెండు చివరలా బారికేడ్, ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్, కాలనీ సంఘం నుంచి ఇద్దరు చాలు. అక్కడ కెమెరా కన్నా మనిషే బాగా పనిచేస్తాడని నా నమ్మకం. వీధి చివర పేరు పెట్టి పిలిచే మనిషి నిలబడితే బండి ముందు చక్రం ఎత్తి దూర్చేవాడు కూడా కాస్త ఆలోచిస్తాడు. పాలవాడు, కూరల బండి, ఇంటివాళ్ల టూవీలర్ విషయంలో మాత్రం మొదటి రోజే మాట్లాడుకోవాలి, లేదంటే మూడో రోజుకి బారికేడ్ గోడకి ఆనించి ఉంటుంది.

ఎక్కడైనా సరే, నాన్న బండి ముందు నిలబడి వచ్చే పిల్లలకి హెల్మెట్ సంగతి మర్చిపోకండి. నాలుగేళ్లు దాటితే మన చట్టం ప్రకారం కూడా తప్పనిసరే.

మా బడికి కావాలంటే, లేదా వద్దంటే, ఎవరికి చెప్పాలి?

కావాలంటే మొదట హెడ్ టీచర్‌కి. బడి ఒప్పుకోకుండా కౌన్సిల్ సాధారణంగా ముందుకెళ్లదు. తర్వాత కౌన్సిల్ వెబ్‌సైట్‌లో స్కూల్ స్ట్రీట్స్ పేజీలో దరఖాస్తు ఉంటుంది, మీ వార్డు కౌన్సిలర్‌కి ఒక ఈమెయిల్ కూడా పెట్టండి.

వద్దంటే, లేదా మార్పులు కావాలంటే, టైమ్ ముఖ్యం. చాలా కౌన్సిళ్లు దీన్ని ముందు ప్రయోగాత్మక ఉత్తర్వుగా పెడతాయి. అది గరిష్ఠంగా 18 నెలలు నడుస్తుంది, మొదటి ఆరు నెలల్లో ఎవరైనా అభ్యంతరం రాయొచ్చు. మనవాళ్లు ఆ ఆరు నెలలూ గ్రూపులో తిట్టుకుని, గడువయ్యాక రాస్తారు. "ఇది అన్యాయం" అని ఒక్క వాక్యం రాస్తే లెక్కలో ఒక అంకె అవుతుంది, అంతే. "ఫలానా మలుపులో బోర్డు కనపడటం లేదు, ఫలానా ఇంట్లో డయాలసిస్‌కి వెళ్లే మనిషి ఉన్నారు, వాళ్ల క్యాబ్‌కి మినహాయింపు ఇవ్వండి" అని రాస్తే అధికారి జవాబు చెప్పాల్సి వస్తుంది. ఇంగ్లిష్‌లో రాయడం ఇబ్బందైతే పిల్లల చేత రాయించండి, ఐదో క్లాసు పిల్లలు మనకన్నా బాగా రాస్తారు. పేరు, పోస్ట్‌కోడ్ మాత్రం తప్పకుండా పెట్టండి.